"నిన్నేం చేశావ్?" అని అడిగితే "చర్చికెళ్లాను" అని చెప్పడం ఎలా

ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు ప్రతి సోమవారం ఒక చిన్న అబద్ధంతో నా వారం మొదలయ్యేది. పక్క సీటతను మామూలుగా "నిన్నేం చేశావ్?" అనేవాడు, నేను "ఏం లేదు, ఇంట్లోనే, రెస్ట్" అనేవాణ్ని. నిజానికి ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చర్చిలోనే ఉంటాను, సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పేది నేనే. నన్ను ఎవరూ బెదిరించలేదు, వెటకారం చేయలేదు, ఊరికే నోరు రాలేదంతే. ఒకరోజు ఎవరో ఫోన్‌లో క్రిస్మస్ ప్రోగ్రాం వీడియో చూపిస్తే అతను అందులో నన్ను గుర్తుపట్టి "ఇది నువ్వే కదా, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు. నేను క్రైస్తవుణ్నని తెలిసి అతనికి ఏమీ అనిపించలేదు, దాచానని తెలిసి మాత్రం కాస్త నొచ్చుకున్నాడు.

కాబట్టి ముందు చేయాల్సింది ఇదే. ఆ సోమవారం ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "చర్చికెళ్లాను, పిల్లలకు పాటలు నేర్పాను, వచ్చి తినేసి పడుకున్నాను." సినిమాకెళ్లానని ఏ గొంతుతో చెప్తారో అదే గొంతుతో చెప్పండి, చెప్పాక అవతలి మనిషి ముఖం వంక పరీక్ష ఫలితం చూసినట్టు చూడకండి. నూటికి తొంభై మంది "ఓహో" అని వేరే మాటలోకి వెళ్లిపోతారు. ఇది చేరిన మొదటి నెలలోనే అయిపోతే మంచిది, ఎందుకంటే రెండేళ్లు దాచాక చెప్తే అది ఏదో పెద్ద ప్రకటన చేసినట్టు ఉంటుంది, మీకూ టెన్షన్, వినేవాళ్లకూ ఇబ్బంది.

భోజనం ముందు ప్రార్థన కూడా అంతే. నేను చాలాకాలం నుదురు రుద్దుకుంటున్నట్టు నటిస్తూ లోపల ప్రార్థన చేసుకునేవాణ్ని, ఒకసారి ఎదురుగా కూర్చున్నావిడ పాపం తలనొప్పి అనుకుని బ్యాగులోంచి మాత్ర తీసి ఇచ్చింది! ఇంట్లో ఎలా చేస్తారో అలాగే పది సెకన్లు కళ్లు మూసుకోండి, తర్వాత తినండి. టేబుల్ దగ్గర అందరినీ ఆపి పైకి ప్రార్థన చేయాల్సిన పని లేదు.

ఇక్కడ చాలామంది విశ్వాసులకు ఒక తికమక ఉంటుంది. బైబిల్లో మత్తయి 5వ అధ్యాయంలో దీపాన్ని కుంచం కింద దాచిపెట్టొద్దని ఉంది, 6వ అధ్యాయంలో మనుషులకు కనబడాలని వీధి మూలల్లో ప్రార్థన చేయొద్దని ఉంది, మరి చూపించాలా దాచాలా అని. నాకు ఈ ముడి దానియేలు గ్రంథం 6వ అధ్యాయంలో విడింది. రాజును తప్ప ఎవరినీ వేడుకోకూడదని శాసనం వచ్చాక కూడా, ఆ రాజు కొలువులోనే పనిచేసే దానియేలు ఇంటికెళ్లి, తెరిచి ఉన్న కిటికీల దగ్గర, రోజుకు మూడుసార్లు, ఇంతకుముందు చేస్తూ వచ్చినట్టే ప్రార్థన చేశాడు. శాసనం వచ్చిందని కిటికీలు మూసుకోలేదు, అలాగని పంతానికి వీధిలోకొచ్చి మోకరించనూ లేదు. ఆఫీసులో మీ సంగతి కూడా అంతే, ఎవరూ చూడకపోయినా ఏం చేస్తారో ఎవరైనా చూస్తున్నప్పుడూ అదే చేయండి. ఇంకో సంగతి, ఆయన పనిలో తప్పు పట్టుకుందామని వెతికినవాళ్లకు ఏమీ దొరక్కే భక్తి మీద పడ్డారని అదే అధ్యాయంలో ఉంది. రోజూ ఆలస్యంగా వచ్చి, పక్కవాళ్ల మీద పని తోసేసి, టేబుల్ మీద బైబిల్ పెట్టుకుంటే ఆ బైబిలు మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తుంది.

ఇక ఆదివారం డ్యూటీ. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువ చెడగొట్టుకునేది ఇక్కడే. శనివారం సాయంత్రం షిఫ్ట్ లిస్టులో పేరు చూసి, మేనేజర్ దగ్గరికి వెళ్లి "నేను ఆదివారం రాలేనండీ, దేవుడే ముఖ్యం" అంటే ఆయనకు వినబడేది రాలేనన్న ఒక్క ముక్కే. దానియేలు మొదటి అధ్యాయం ఒకసారి పని కోణంలో చదివి చూడండి. తన విశ్వాసానికి సరిపడని రాజు భోజనం తిననని ఆయన నిరాహార దీక్షకు కూర్చోలేదు, ముందు పై అధికారిని మర్యాదగా అడిగాడు. ఆ అధికారి ఒప్పుకోవడానికి జంకాడు, మీరు నీరసంగా కనబడితే రాజు నా తల తీస్తాడన్నాడు. అంటే అవతలి మనిషికీ ఒక భయం ఉంది, అది మీ మతం మీద కోపం కాదు. అప్పుడు దానియేలు కింది అధికారి దగ్గరికి వెళ్లి పది రోజులు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. మనమూ అలాగే అడగొచ్చు. షిఫ్టులు వేయకముందే, వీలైతే చేరేటప్పుడే చెప్పండి, "ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుందండీ, ఒంటిగంట తర్వాత ఎప్పుడైనా వస్తాను, బదులుగా శనివారం రాత్రి షిఫ్టు తీసుకుంటాను, ఒక నెల చూడండి, పనికి ఇబ్బందైతే మళ్లీ మాట్లాడదాం" అని. ఒప్పుకున్నాక ఒక మెయిల్ పెట్టుకోండి. అప్పుడప్పుడు ఎవరికో ఒంట్లో బాగాలేక మిమ్మల్ని ఆదివారమే రమ్మంటే వెళ్లండి, ఆ ఒక్క వారానికి ప్రభువు అలగడు.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. దాచడం మానేశాక ఉత్సాహం ఎక్కువై టీమ్ గ్రూపులో రోజూ పొద్దున ఆరింటికి బైబిల్ వాక్యం పెట్టడం మొదలెట్టాను. రెండు వారాలకు మేనేజర్ పిలిచి నెమ్మదిగానే చెప్పారు, అది పని కోసం పెట్టుకున్న గ్రూపని, కొందరికి నచ్చకపోయినా మొహమాటానికి చెప్పలేకపోతున్నారని. వారం రోజులు నాకు అది హింసలాగే అనిపించింది, సంఘంలో అలాగే చెప్పుకుని ప్రార్థన కూడా చేయించుకున్నాను. తర్వాత 1 పేతురు 3:15 చదువుతుంటే ఒక పదం దగ్గర ఆగిపోయాను. మీ నిరీక్షణ (అంటే దేవుని మీద పెట్టుకున్న ఆశ) గురించి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నది అడిగినవాళ్లకు, అదీ సాత్వికంతో. నన్ను ఎవరడిగారు ఆరింటికి?

అడిగినప్పుడు మాత్రం తడుముకోకూడదు. రెండు నిమిషాల్లో చెప్పగలిగే మాట ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి, చర్చి భాష తీసేసి. "రక్షణ పొందాను", "వాక్యం నాతో మాట్లాడింది", "భారం కలిగింది" లాంటివి మనకు తేలిగ్గా అర్థమవుతాయి గానీ బయటివాళ్లకు అయోమయం. "నాన్న పోయినప్పుడు చాలా కుంగిపోయాను, ప్రార్థనే నన్ను నిలబెట్టింది, అప్పటినుంచి దేవుణ్ని గట్టిగా నమ్ముతున్నాను" అంటే ఎవరికైనా తెలుస్తుంది. రెండు నిమిషాలయ్యాక ఆపేయండి. ఇంకా వినాలనుంటే వాళ్లే అడుగుతారు. జవాబు తెలియని ప్రశ్న వేస్తే తెలియదనండి.

ఎవరైనా కష్టంలో ఉంటే "మీ కోసం ప్రార్థన చేయొచ్చా?" అని అడగడం నాకు తెలిసి ఎవరినీ నొప్పించదు. మా ఆఫీసులో ఒకావిడ వాళ్లమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు అడిగాను, "చేయండి" అంది, ఆవిడది వేరే మతం. కానీ అని వదిలేయకూడదు, నిజంగా చేయాలి, మర్నాడు "అమ్మగారికెలా ఉంది?" అని వెళ్లి అడగాలి, వీలైతే ఆవిడ పనిలో సగం మనం అందుకోవాలి.

మీరు పై పదవిలో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మీ కింద పనిచేసేవాళ్లు మిమ్మల్ని కాదనలేరు. మీరు సరదాగా "ఈ ఆదివారం మా చర్చికి రండి" అన్నా వాళ్లకు అది ఇంక్రిమెంట్‌తో ముడిపడ్డ పిలుపులా వినబడుతుంది, కాబట్టి ఆ మాట మీ నోట రాకపోవడమే మేలు.

వేరే మతాల పండుగలు ఆఫీసులో జరిగితే ఏం చేయాలనేది ఒక్కొక్కరి మనస్సాక్షిని బట్టి ఉంటుంది. పూజలో పాల్గొననివాళ్లు కూడా శుభాకాంక్షలు చెప్పొచ్చు, కుర్చీలు సర్దొచ్చు. తినే విషయంలో 1 కొరింథీ 10లో పౌలు మాట పనికొస్తుంది. ఆరాలు తీయకుండా పెట్టింది తినండి, బలి అర్పించిందని ఎవరైనా చెప్తే మానేయండి అన్నాడాయన. మానేసేటప్పుడు ముఖం చిట్లించకుండా "నేను తీసుకోనండీ, థ్యాంక్స్" అంటే చాలు, ఉపన్యాసం వద్దు.

ఇంత చేసినా కొన్నిచోట్ల నిజంగానే వేధిస్తారు. ఉద్యోగంలో మతాన్ని బట్టి వివక్ష చూపకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లోనే ఒప్పందం చేసింది, చాలా దేశాల చట్టాల్లోనూ అది ఉంది. అయితే ప్రతి అడ్డూ వివక్ష కాదు. సిలువ గొలుసు వేసుకోనివ్వలేదని వేసిన కేసుల్లో 2013లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం విమానాశ్రయ చెక్ఇన్ ఉద్యోగిని వైపు తీర్పిచ్చింది, అదే రోజు ఒక నర్సు వాదన మాత్రం ఒప్పుకోలేదు, రోగుల భద్రత ముఖ్యమంది. అందుకే ముందు కారణం అడగండి. సరైన కారణం ఉంటే గొలుసు తీసి జేబులో పెట్టుకోండి. లేకపోతే ఏ తేదీన ఎవరు ఏమన్నారో, అక్కడ ఇంకెవరున్నారో అదే రోజు రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కు మెయిల్ రూపంలో ఇవ్వండి, ఆ మెయిల్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.