పెద్ద సంస్థ కొన్న షేరు మనం కొనగానే ఎందుకు పడుతుంది? సమస్య - పరిష్కారం

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నాకు చిన్న అకౌంట్ల ఆఫీసు ఉంది. ఐటీ రిటర్నుల కోసం వచ్చేవాళ్లు ఈమధ్య డీమ్యాట్ (షేర్లు దాచే ఖాతా) స్టేట్‌మెంట్ కూడా ముందు పెడుతున్నారు. నష్టం లెక్క రాసేటప్పుడు చాలామంది నోట ఒకటే మాట: "అన్నా, అంత పెద్దోళ్లు పైసలు పెట్టిండ్రు గదా, ఇదెట్ల పడ్డది?" ఆ నష్టం ఎట్లా వచ్చిందో తెలిస్తేనే మందు చెప్పగలం.

సమస్య: ఫలానా ఫండ్ (జనం డబ్బు పోగేసి షేర్లలో పెట్టే సంస్థ) కొన్నదని వార్త చూసి కొన్న. రెండ్రోజులకే దిగుడు మొదలైంది.

కారణం: కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి ఒక్కరే ఒకరోజులో కొన్నా, అమ్మినా అది బల్క్ డీల్. ఆ పేర్లు సాయంత్రం బయటికి వస్తాయి. మన ఫోనుకు కబురు అందేసరికి వాళ్ల కొనుగోలు అయిపోయి ఉంటుంది. తెల్లారి మనబోటి వాళ్లు ఎగబడి కొంటేనే రేటు లేస్తుంది, ఆ ఎగబాటు తగ్గగానే జారుతుంది.

పరిష్కారం: ఎన్ఎస్ఈ, బీఎస్ఈ అనే స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో బల్క్ డీల్ పట్టిక తెరిచి, కొన్నవాళ్లతోపాటు అమ్మిందెవరో చూడండి. అమ్మింది ప్రమోటరే (కంపెనీని పెట్టి నడిపించేవాడు) అయితే ఎందుకు అమ్మాడో తెలిసేదాకా ఆగండి. తర్వాత వాటాల పట్టిక, అంటే ఎవరి దగ్గర ఎంత శాతం ఉందో చెప్పేది. ప్రతి మూడు నెలలకూ, ఆ త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా కంపెనీ దాన్ని ఇవ్వాలి. కనీసం నాలుగు త్రైమాసికాలు పక్కపక్కన పెడితే ఫండ్ నిలకడగా ఉందా, వచ్చి వెళ్లిపోయిందా తెలిసిపోతుంది. కొత్త ఐపీఓ (కంపెనీ షేర్లను జనానికి మొదటిసారి అమ్మడం) అయితే యాంకర్ల, అంటే జనం కన్నా ముందే కొనే పెద్ద సంస్థల, షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు లాక్-ఇన్ ఉంటుంది, అప్పటిదాకా అమ్మరాదు. అవి తీరగానే వాళ్లు అమ్మొచ్చు, కాబట్టి ఆ రెండు తేదీలు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

సమస్య: "వెనక సర్కారు ఉంది, పెద్ద బ్యాంకు ఉంది, పడనియ్యరు" అని పట్టుకుని కూర్చున్న. పడుతూనే ఉంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇదే. దీని మూలం మన పత్తి చేలల్లో ఉందని నాకనిపిస్తుంది. సీసీఐ (కేంద్ర పత్తి కొనుగోలు సంస్థ) జిన్నింగు మిల్లులో కాంటా పెట్టిందంటే ప్రైవేటు వ్యాపారి కూడా రేటు పెంచక తప్పదు. తేమ, నాణ్యత నిబంధనలకు సరిపోతే మద్దతు ధరకు కొంటామని కేంద్రం ముందే మాట ఇచ్చింది కాబట్టి, ఆ రేటుకు కింద ఒక నేల ఉంటుంది. షేరుకు అట్లాంటి మాట ఎవరూ ఇవ్వలేదు. ఎల్ఐసీ కొన్నా, ఎస్‌బీఐ కొన్నా అది వాళ్ల పెట్టుబడే, మనకు మద్దతు ధర కాదు.

2022 మేలో ఎల్ఐసీ ఐపీఓ ధర 949 రూపాయలు. పాలసీదారులకు 60 తగ్గించి 889కి ఇచ్చారు. సర్కారు అండ ఉందని వేసినవాళ్లు చాలామంది. కానీ ఆ ఐపీఓలో సర్కారు 3.5 శాతం వాటా అమ్మింది, అంటే అక్కడ అది అమ్మకందారు. మే 17న, మొదటి రోజే, షేరు 889 కింద ముగిసింది.

యెస్ బ్యాంకు కథ ఇంకా కఠినం. 2018 ఆగస్టులో 390 దాటిన షేరది. 2020 మార్చిలో ఆర్‌బీఐ మారటోరియం (డబ్బు తీసుకోవడంపై ఆంక్ష) పెట్టాక ఎస్‌బీఐ ముందుకొచ్చింది, ఒక్కో షేరుకు 10 రూపాయలు ఇచ్చింది. డిపాజిటర్ల డబ్బు నిలిచింది. వంద షేర్లకు మించి ఉన్న పాత వాటాదారులకు మాత్రం 75 శాతం షేర్లు మూడేళ్లు అమ్మరాదన్నారు.

పరిష్కారం: అండ అన్నమాట వినగానే మూడు అడగండి. వాళ్లు ఏ రేటుకు కొన్నారు? ఆ డబ్బు కంపెనీకి చేరిందా, పాత వాటాదారు జేబుకా? ఆదుకునేది డిపాజిటర్‌నా, షేరుదారునా? జవాబు దొరకకుంటే, పడిన షేరును సగటు తగ్గుతుందని ఇంకా కొనొద్దు. బంగారం కుదువబెట్టి అసలే వద్దు.

సమస్య: లాభాలు, అవార్డులు, పేరున్న ఆడిటర్ అన్నీ ఉన్నాయి. అయినా కూలింది.

2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం షేరు ఒక్కరోజులో సుమారు 179 నుంచి 40 కిందికి పడింది. దానికి కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి మంచి నిర్వహణ అవార్డు వచ్చింది. పెద్ద సంస్థలూ అందులో వాటాదారులే. లెక్కలే తప్పుడువైనప్పుడు వాళ్లూ మోసపోతారు. అక్కడ ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. ఆ దెబ్బతోనే తాకట్టు వివరాలు వెల్లడించడాన్ని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అదే నెలలో తప్పనిసరి చేసింది. వాటాల పట్టికలోనే ఆ గడి ఉంటుంది. తాకట్టు శాతం త్రైమాసికానికి త్రైమాసికం పెరుగుతుంటే నేనైతే ఆ షేరు ముట్టను.

సమస్య: టెలిగ్రామ్ గ్రూపులో చెప్పిన షేరు రోజూ అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకు పెరగగల గరిష్ఠ హద్దు). ఇప్పుడు లోయర్ సర్క్యూట్ (పడగల కనిష్ఠ హద్దు), అమ్ముదామంటే కొనేవాడు లేడు.

షేర్లు కొద్దిమంది చేతుల్లో ఉంటే రేటు లేపడం సులువు. పెద్ద ఫండ్ వస్తోందన్న పుకారు మనల్ని లాగడానికే. కొనకముందు సలహాదారు సెబీ రిజిస్ట్రేషన్ నంబరును సెబీ సైట్‌లో సరిచూడండి, ఆ షేరు ఎక్స్ఛేంజీల ఏఎస్ఎం, జీఎస్ఎం నిఘా జాబితాలో ఉందేమో వెతకండి. ఇప్పటికే ఇరుక్కుంటే పొద్దున మార్కెట్ తెరవకముందే అమ్మకం ఆర్డరు పెట్టి వరుసలో నిలబడండి. గ్రూపు మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు దాచి, సెబీకి ఫిర్యాదు చేయండి. డబ్బు గ్రూపువాళ్ల ఖాతాకే పంపి ఉంటే ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆ రోజే.