పిల్లలతో ఫిల్మ్ సిటీ, వండర్‌లా వెళ్తుంటే ఎక్కడ దిగాలి? (బెజవాడ, గుంటూరు వాళ్లకి)

సెలవులు దగ్గర పడేసరికి మన ఇళ్లలో ఫిల్మ్ సిటీ మాటో వండర్‌లా మాటో మొదలవుతుంది. టికెట్ల గురించి, బట్టల గురించి, కారా బస్సా అన్న దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. రాత్రికి ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం "కూకట్‌పల్లిలో బాబాయి వాళ్లున్నారుగా" అన్న ఒక్క మాటతో తేల్చేస్తాం. ట్రిప్ బాగా జరగాలంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. రోజంతా ఎండలో తిరిగి, నీళ్లలో ఆడి, సాయంత్రం గేటు బయటికి వచ్చిన పిల్లాడికి కావాల్సింది మంచం, అది ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. నేను రూమ్ చూసేటప్పుడు స్టార్లు, స్విమ్మింగ్ పూల్ ఆఖర్న చూస్తాను, ముందు చూసేది ఈ దూరమే.

1. ముందు మ్యాప్ తెరవండి

రామోజీ ఫిల్మ్ సిటీ హైదరాబాద్‌లో ఉందంటాం గానీ అది ఊళ్లో లేదు. మన విజయవాడ హైవే మీదే, చౌటుప్పల్ దాటాక, ఔటర్ రింగ్ రోడ్డుకి ఇవతలే వస్తుంది. గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా వెళ్లేవాళ్లు కూడా నార్కట్‌పల్లి దగ్గర ఈ హైవేనే ఎక్కుతారు కాబట్టి వాళ్లకీ అంతే. వండర్‌లా ఏమో రావిర్యాల దగ్గర, ఔటర్ మీద 13వ ఎగ్జిట్. పెద్ద అంబర్‌పేటలో, అంటే 11వ ఎగ్జిట్ దగ్గర ఔటర్ ఎక్కితే మధ్యలో బొంగ్లూరు ఒక్కటే, ఆ తర్వాత అదే.

రెండు పార్కులూ ఊరికి మన వైపే ఉన్నాయన్నమాట. మన చుట్టాలు ఎక్కువమంది ఉండే కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ పూర్తిగా అవతలి చివర. ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కి మెట్రోలోనే దాదాపు గంట పడుతుంది, ఇక ఫిల్మ్ సిటీ నుంచి ఎల్బీనగర్ దాకా రావడం వేరే. చుట్టాలింటికి తప్పకుండా వెళ్లండి, పిన్ని చేతి వంట తిని ఒక రోజు హాయిగా ఉండండి, కానీ దాన్ని పార్కు రోజుతో కలపకండి. తడి బట్టల సంచులతో రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్ల తలుపు కొడితే, మనకోసం వంట చేసుకుని కూర్చున్న వాళ్లకీ ఇబ్బందే.

2. ఎవరెవరు వస్తున్నారో చూసుకోండి

ఇంట్లో అందరికంటే త్వరగా అలిసిపోయే మనిషి ఎవరో ఆలోచించండి. మూడేళ్ల పాప అయితే మధ్యాహ్నం నిద్ర కావాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారైతే లిఫ్ట్ ఉండాలి, బాత్‌రూమ్‌లో వెస్ట్రన్ టాయిలెట్ ఉండాలి, రాత్రికి ఇంత పెరుగన్నం దొరకాలి. వాళ్లకి సరిపడే చోటు అయితే మిగతావాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు. అందరూ పదేళ్లు దాటిన పిల్లలు, కుర్రాళ్లే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, శుభ్రంగా ఉన్న మామూలు లాడ్జి చాలు, ఆ డబ్బు వేరే వాటికి వాడుకోవచ్చు.

3. మీ ప్లాన్‌ని బట్టి చోటు ఎంచుకోండి

ఫిల్మ్ సిటీ ఒక్కటే చూస్తున్నారా? వీలైతే లోపలే ఉండండి. సితార ఖరీదైన హోటల్, తార దానికన్నా తక్కువ, శాంతినికేతన్ ఇంకా తక్కువ బడ్జెట్‌లో, పెద్ద గుంపుగా వెళ్లేవాళ్లకి డార్మిటరీ పద్ధతిలో సహారా ఉంది. బసతో పాటు ఎంట్రీ టికెట్ కలిపిన ప్యాకేజీలు ఉంటాయి, అందుకే రూమ్ రేటు ఒక్కటే చూసి ఖరీదు అనేయకుండా, విడిగా టికెట్లు, బయట రూమ్, రానూపోనూ క్యాబ్ కలిపి ఒక కాగితం మీద లెక్కేసి పోల్చుకోండి. నలుగురున్న కుటుంబానికి తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. చిన్నపిల్లలుంటే కాస్త ఎక్కువైనా నేను లోపలే ఉండమంటాను. సీజన్‌లో సాయంత్రం లైట్లు, ప్రోగ్రాములు ఉన్నప్పుడు బయటివాళ్లంతా బస్సులకోసం, క్యాబుల కోసం పరుగు పెట్టే వేళకి మీ పాప పక్క మీద ఉంటుంది.

వండర్‌లా ఒక్కటే అయితే ఇక్కడ కథ వేరు. బెంగళూరు వండర్‌లాకి సొంత రిసార్ట్ ఉంది, హైదరాబాద్‌లో మాత్రం బయట చూసుకోవాల్సిందే. సొంత కారుంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు హోటళ్లు బాగుంటాయి, ఔటర్ మీద వెళ్లిపోవచ్చు, ట్రాఫిక్ గొడవ ఉండదు. బస్సులో వచ్చేవాళ్లకి ఎల్బీనగర్, వనస్థలిపురం నయం, టిఫిన్ సెంటర్లు, మందుల షాపులు, క్యాబులు అన్నీ దగ్గర. ఈ పార్కు తెరిచేది పదకొండు ప్రాంతంలో కాబట్టి ఆనుకునే ఉండాలని ఏమీ లేదు, నిదానంగా లేచి ఇడ్లీ తిని బయల్దేరినా చాలు.

రెండూ చూస్తుంటే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ మధ్యలో ఒకే చోట దిగండి. రోజుకో హోటల్ మార్చడం పిల్లలున్నవాళ్లకి పెద్ద శ్రమ, పెట్టెలు సర్దడానికే పొద్దుటి పూట అయిపోతుంది.

ఇంకో మాట, పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి హైవే బస్సెక్కితే నేరుగా ఎల్బీనగర్‌లో దిగొచ్చు. రైలైతే సికింద్రాబాద్ దాకా వెళ్లి మళ్లీ ఇంత దూరం వెనక్కి రావాలి. అందుకని ఈ ట్రిప్‌కి బస్సే మేలు.

4. బుక్ చేసే ముందు ఫోన్ చేయండి

యాప్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి రిసెప్షన్‌లో ఉన్న మనిషితో మాట్లాడండి, రెండు నిమిషాల్లో ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది. నేను అడిగేవి ఇవి: వేడినీళ్లు రోజంతా వస్తాయా, పొద్దున కాసేపేనా? లిఫ్ట్ పని చేస్తోందా? ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచమా, కింద పరుపు వేస్తారా, దానికి ఎంత? ఎన్నేళ్ల దాకా పిల్లలకి డబ్బు తీసుకోరు? కారు పెట్టడానికి సెల్లార్ ఉందా, రోడ్డు మీదేనా? కింద ఫంక్షన్ హాల్ ఉందా? చివరి ప్రశ్న మర్చిపోకండి. ముహూర్తాల రోజుల్లో కింద డీజే మొదలైతే పైన ఎంత మంచి రూమ్ అయినా నిద్ర ఉండదు. మాకు ఒకచోట అర్ధరాత్రి దాకా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి, పాప ఒక్కసారి కూడా సరిగ్గా కన్ను మూయలేదు, అడిగితే "ఇంకో పది నిమిషాలు సార్" అన్నారు, అంతే.

చెక్ఇన్ టైమ్ కూడా అడగాలి. చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో రూమ్ ఇస్తారు. మీరు తెల్లవారుజామున దిగితే సామాను పెట్టుకుని, మొహం కడుక్కుని బట్టలు మార్చుకునే వీలుందా అని ముందే మాట్లాడి పెట్టుకోండి. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి.

5. డబ్బు లెక్క

యాప్‌లో మొదట కనిపించే రేటుకి ట్యాక్స్ కలపాలి. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న రూములకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. అంటే ఏడు వేల రూమ్‌కీ, ఎనిమిది వేల రూమ్‌కీ మధ్య తేడా వెయ్యితో ఆగదు, లెక్కేస్తే రెండు వేలు దాటుతుంది.

6. చివరి రాత్రి రూమ్ వదులుకోకండి

చాలామంది ఆదా చేసేది ఇక్కడే, నాకు బాధ కలిగేదీ ఇక్కడే. రోజంతా రైడ్లు ఎక్కి, సాయంత్రం ఏడింటికి స్టీరింగ్ పట్టుకుని, "నాలుగైదు గంటలేగా, పన్నెండుకల్లా ఇంట్లో ఉంటాం" అని బయల్దేరతారు. కారులో అందరూ నిద్రపోతారు, సూర్యాపేట దాటేసరికి డ్రైవింగ్ చేసే మనిషికీ కళ్లు మూతలు పడతాయి. పక్కనేమో లారీలు. ఒక రూమ్ అద్దె కోసం ఇంటిల్లిపాదినీ పెట్టుకుని ఇంత సాహసం చేయకండి. ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున టిఫిన్ చేసి బయల్దేరండి. సెలవు అస్సలు దొరకదంటే ఎల్బీనగర్‌లో రాత్రి స్లీపర్ బస్సెక్కండి, అప్పుడు కూడా బస్సు టైమ్ దాకా రూమ్ ఉంచుకునే వీలుందేమో అడగండి, పిల్లలకి స్నానం చేయించి పొడి బట్టలు వేసి ఎక్కించొచ్చు.

సంక్రాంతి వెళ్లాక వచ్చే ఆదివారం మాత్రం మన వైపు నుంచి ఎవరూ ఈ ప్లాన్ పెట్టుకోవద్దు. పండక్కి వచ్చినవాళ్లంతా ఒకేసారి హైదరాబాద్ తిరిగి వెళ్తుంటే పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి, ఫిల్మ్ సిటీ దానికి అవతలే. సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే శని, ఆదివారాలు వదిలి మధ్య వారంలో చూసుకోండి, బస్సు సీట్లు ఖాయమయ్యే దాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రూమే తీసుకోండి, ఏ తేదీ దాకా ఉచితమో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.