స్టోర్ ఒక్కటే లెక్కపెడితే చాలదు: ఆస్పత్రి సరుకు లాభాన్ని తినేయకుండా చూడటం ఎలా?

ఆస్పత్రి స్టోర్స్ బాధ్యత తీసుకున్న కొత్తలో నా దృష్టంతా డిస్కౌంట్ల మీదే. ఒకరోజు ఆపరేషన్ థియేటర్ అలమర తెరిచాను. ముందు వరుసలో కొత్త సూచర్ (కుట్లు వేసే దారం) డబ్బాలు. వాటిని పక్కకు జరిపితే వెనకాల అదే సైజువి మరో నాలుగు. సీలు తీయలేదు, గడువు దాటిపోయింది. మా పుస్తకాల్లో మాత్రం అవి ఎప్పుడో ఖర్చయిపోయాయి!

కాబట్టి మొదటి మాట: స్టోర్ నుంచి ఇచ్చినంత మాత్రాన ఖర్చు రాయకండి. వార్డు, ఐసీయూ, థియేటర్, ఎమర్జెన్సీ ట్రాలీ... రోగికి వాడేదాకా అంతా స్టాకే. ముందు గడువు ముగిసేది ముందు వరుసలో ఉండాలి. గడువు దగ్గరపడిన మందులు వాపసు తీసుకునే షరతు కొనేటప్పుడే ఆర్డర్‌లో రాయించుకోండి.

తర్వాత ఏడాది వాడకాన్ని ధరతో గుణించి పెద్ద మొత్తం నుంచి కిందికి పేర్చండి. సాధారణంగా 10–20 శాతం ఐటమ్స్‌లోనే దాదాపు 70 శాతం డబ్బు ఉంటుంది. వాటిని వారం వారం లెక్కపెట్టండి. అయితే సరుకును విలువను బట్టి ఏ, బీ, సీ వర్గాలుగా చూసే ఈ ఏబీసీ లెక్కనే నమ్ముకుంటే ప్రమాదం. అడ్రినలిన్ ఆంప్యూల్ ఖరీదులో అట్టడుగున ఉంటుంది, గుండె ఆగినప్పుడు మాత్రం అదే ముందు కావాలి. ప్రాణాధారమైన మందుల నిల్వను పొదుపు పేరుతో తగ్గించొద్దు, ఎవరు చెప్పినా సరే.

మళ్లీ ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి? రోజుకు 40 కాన్యులాలు (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాలు) వాడుతూ, సరుకు రావడానికి 5 రోజులు పడితే 200. ఆలస్యమైతే ఆదుకోవడానికి మరో 3 రోజులవి 120. స్టాక్ 320కి దిగగానే ఆర్డర్ వెళ్లాలి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు బిల్లుకెక్కని సరుకులో పోవడం నేను చూశాను. సర్జరీ అయిన రోజే థియేటర్‌కు ఇచ్చినవి, వాడినవి, వాపసు వచ్చినవి పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఇంప్లాంట్లయితే ప్యాక్ మీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అతికించాకే బిల్లు వేయండి. మర్నాటికి వాయిదా వేస్తే ఎవరికీ గుర్తుండదు.

వార్డుల్లో సరుకు దాచుకుంటున్నారని నర్సుల మీద విసుక్కోకండి. నేను కూర్చుని అడిగితే ఒక సిస్టర్ చెప్పింది: "రాత్రి రెండింటికి ఐవీ సెట్ అయిపోతే స్టోర్‌కు తాళం ఉంటుంది సార్, పేషెంట్‌ను ఆగమనలేం కదా." ఆ వారమే ప్రతి వార్డుకూ రోజువారీ నిల్వ ఇంత అని నిర్ణయించి, రాత్రికి ఒక తాళంచెవి డ్యూటీ ఫార్మసిస్ట్‌కు ఇచ్చాం. దాచుకున్న సరుకు రెండు ట్రాలీల నిండా వాళ్లే తెచ్చి ఇచ్చారు.