కుక్కకి దురద: ముందు ఏం చూడాలి, ఏ వరుసలో వెళ్లాలి

కుక్క గోక్కుంటోందంటే నేను ముందు చూసేది ఎక్కడ గోక్కుంటోందని. తోక మొదట్లో, నడుము మీద, వెనక తొడల దగ్గర కొరుక్కుంటుంటే ఫ్లీ పురుగుల మీద, అంటే రక్తం తాగే చిన్న గెంతే పురుగుల మీద అనుమానం. చెవుల అంచులు, మోచేతులు అయితే గజ్జి కావచ్చు. పాదాలు నాకుతూ, మూతి గోడకి రాస్తూ, చంకలూ పొట్టా ఎర్రబడి, చెవులు మాటిమాటికీ పాడవుతుంటే అలర్జీ వైపు ఆలోచించాలి. చూసినంత మాత్రాన జబ్బు తేలిపోదు, కానీ డాక్టరు గారికి మనం ఇవ్వగలిగిన మంచి సమాచారం ఇదే.

మాది విజయవాడ. మా బ్రూనో లాబ్రడార్. వానలు మొదలవగానే వాడికి వేళ్ల మధ్య దురద వస్తుంది. గోడమీద క్యాలెండర్లోనే రాసేస్తాను: ఎక్కడ గోక్కున్నాడు, పదికి ఎంత దురద, ఆ రోజు కొత్తగా ఏం తిన్నాడు. డాక్టరు గారి దగ్గర ఆ పేజీలు తిప్పి చూపిస్తే చాలు, ఏ కాలంలో పెరుగుతోందో ఆయనకే అర్థమవుతుంది.

వరుస మాత్రం తప్పకూడదు. ముందు పురుగులు, తర్వాత ఇన్‌ఫెక్షన్, ఆ తర్వాత తిండి, చివరికి గాలిలోని అలర్జీ. ఒకసారి ఒక్కటే మార్చాలి. షాంపూ, తిండి, మాత్ర అన్నీ ఒకే వారంలో మార్చేస్తే దేనివల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

పురుగుల కోసం సన్న పళ్ల దువ్వెనతో తోక దగ్గర దువ్వి, రాలినదాన్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. నల్లటి నలకల చుట్టూ ఎర్రటి మరక దిగితే అది ఫ్లీ పురుగుల రెట్ట, అంటే అరిగిన రక్తం. పురుగు కనబడలేదని వదిలేయొద్దు. ఫ్లీ అలర్జీ ఉన్న కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. కుక్క ఒంటిమీద కనిపించేవి కొన్నే. గుడ్లు, పిల్లపురుగులు చాపల కింద, సోఫా సందుల్లో, దాని దుప్పట్లో ఉంటాయి. అందుకే ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ కలిపి కనీసం 3 నెలలు మందు ఆపకుండా వాడాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. నెలకోసారి ఇచ్చే అఫోక్సోలనర్, సరోలనర్ మాత్రలు, దాదాపు 3 నెలలు పనిచేసే ఫ్లురలనర్ మాత్ర గోమార్లనీ చంపుతాయి. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం వీటికి ముందే డాక్టరుకి చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే, కుక్కలకని అమ్మే పెర్మెత్రిన్ మందులు దాని దగ్గరికి కూడా రానివ్వకండి, ప్రాణం పోతుంది.

గజ్జిలో రెండు రకాలున్నాయి. సార్కోప్టిక్ గజ్జి విపరీతంగా దురద పెడుతుంది, పక్క కుక్కలకి అంటుతుంది, ఎత్తుకున్న మన చేతుల మీదా దద్దుర్లు తెస్తుంది. రెండో రకం డెమోడెక్స్ గజ్జి, అది అంటదు. వెంట్రుకలు రాలి చర్మం బయటపడుతుంది, మొదట్లో దురద పెద్దగా ఉండదు. చర్మాన్ని గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తేలుతుంది. సార్కోప్టిక్ పురుగు మాత్రం ఒక్కోసారి దొరకదు, అప్పుడు అనుమానంతోనే మందు మొదలుపెడతారు. గన్నవరం, రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులకి దగ్గర్లో ఉంటే ఈ పరీక్షలకి అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఇక వాసన. పాచిపోయిన వాసన, జిడ్డు, వేళ్ల మధ్య తుప్పురంగు మరక ఉంటే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరిగిందని అనుమానించాలి. చిన్న చిన్న చీముపొక్కులు, గుండ్రంగా పొట్టు లేస్తుంటే బాక్టీరియా. అలర్జీ ఉన్న చర్మం మీద ఇవి పదేపదే చేరతాయి. అసలు దురద కంటే వీటి దురదే ఎక్కువగా ఉంటుంది కొన్నిసార్లు. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన షాంపూ డాక్టరు రాస్తే నురగ పట్టించి 10 నిమిషాలు ఉంచాలి. నేను ఫోన్‌లో టైమర్ పెట్టి, వాడి ముందు కూర్చుని కబుర్లు చెబుతాను. తర్వాత కడగడం కంటే ముఖ్యం ఆరబెట్టడం. వేళ్ల సందులు, చెవి మడతలు పొడిబట్టతో తుడవకపోతే మన కోస్తా ఉక్కలో ఈస్ట్ మళ్లీ వచ్చేస్తుంది. మనం వాడే సబ్బులు వద్దు, మన చర్మం ఆమ్లగుణం వేరు, కుక్క చర్మానిది వేరు.

తిండి పరీక్ష నిజంగా కష్టం, కారణం కుక్క కాదు, ఇంట్లో మనుషులు. కుక్కల్లో అలర్జీ తెచ్చే వాటిలో చికెన్, గొడ్డుమాంసం, పాలపదార్థాలు, గోధుమ ముందుంటాయి. మన ఇళ్లలో కుక్క రోజూ తినేవి వాటిలోవే: చికెన్ అన్నం, పెరుగన్నం, పాల బిస్కెట్లు. అంతకుముందు ఎన్నడూ తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం ఎంచుకుని 8 వారాలు అవే పెట్టాలి. మేం కొర్రమీను, చిలగడదుంప ఎంచుకున్నాం. ముళ్లు తీసి, ఉప్పూ కారం లేకుండా, ఉల్లి వెల్లుల్లి తగలకుండా ఉడకబెట్టేదాన్ని. పిల్లకుక్కకైతే ఇంటి వంటతో పోషణ చాలదు. డాక్టరు చెప్పిన హైడ్రోలైజ్డ్ ఆహారం, అంటే ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి చేసినది, మేలు.

మా అత్తయ్యగారు పూజయ్యాక వాడికి కొబ్బరిముక్కో, చక్కెరపొంగలో పెట్టందే ఊరుకోరు. "పసిబిడ్డకి పెట్టకుండా ఎలా తింటానే?" అంటారు. ఆవిడకి వాడి ఎర్రబడ్డ పాదాలు చూపించి, ఉడికించిన చిలగడదుంప ముక్కల డబ్బా పూజగది పక్కనే పెట్టాను. ప్రసాదం బదులు అవే పెట్టారు, పెట్టిన తృప్తీ మిగిలింది. మాంసం రుచి కలిపిన మాత్రలూ, నమలడానికిచ్చే ఎముకలూ కూడా ఆపాలి. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి చూడండి. 2 వారాల్లోపు దురద తిరిగొస్తేనే తిండి అలర్జీ అని ఖాయం. రక్తం, వెంట్రుకలు పంపి తిండి అలర్జీ తేల్చుతామనే పరీక్షలకి డబ్బు పెట్టకండి, వాటి ఫలితాన్ని నమ్మలేం.

ఇవన్నీ దాటినా దురద ఉంటే అటోపీ, అంటే చుట్టూ ఉన్న వాటి వల్ల వచ్చే అలర్జీ: ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు లాంటివి. సాధారణంగా 6 నెలల నుంచి 3 ఏళ్ల వయసులో మొదలవుతుంది. పూర్తిగా పోదు, అదుపులో ఉంచొచ్చు. వయ్యారిభామ కలుపు పెరిగిన ఖాళీస్థలాల వైపు నడిపించకండి. బయటి నుంచి రాగానే పాదాలు, పొట్ట తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. మాత్రల్లో ఓక్లాసిటినిబ్ త్వరగా పనిచేస్తుంది, ఏడాది లోపు కుక్కకి ఇవ్వరు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ చవక, అదీ త్వరగా తగ్గిస్తుంది. కానీ దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. చాలారోజులు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. మనం అలర్జీకి వేసుకునే సెటిరిజిన్ లాంటివి కొందరు కుక్కలకి ఇస్తారు, ఫలితం అంతంతమాత్రం. జలుబు మందు కలిపి అమ్మే రకాలు మాత్రం ప్రమాదం.

ఇంట్లో చేసే కొన్ని పనులు చూస్తే నాకు బాధేస్తుంది. గజ్జికి వాడేసిన ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, ఫినాయిల్ పూస్తారు. చర్మం కాలుతుంది, నాకితే విషం. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు కుక్క నాకేస్తుంది, చర్మం పలుచబడుతుంది. వేపాకు నీళ్లతో ఒళ్లు తుడిస్తే తప్పులేదు గానీ గజ్జి వాటితో పోదు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ మందు పడదు. ఎవరో వచ్చి ఇంజెక్షన్ వేస్తానంటే ఏం మందని తప్పక అడగండి.

మూతి, కళ్లు హఠాత్తుగా ఉబ్బినా, ఒళ్లంతా దద్దుర్లు లేచి వాంతులు మొదలైనా, ఊపిరి ఎగపోస్తున్నా అది రేపటిదాకా ఆగే దురద కాదు, అప్పుడే తీసుకెళ్లాలి. రాత్రిపూట తెరిచుండే పశువుల ఆసుపత్రి ఫోన్ నంబరు ఇప్పుడే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించుకోండి.