కుక్కకి డిస్క్ జారితే ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి?

మాది విజయవాడ పటమట, మా డాష్‌హండ్ చిట్టికి ఆరేళ్ళు. ఓరోజు పొద్దున్నే టైల్స్ మీద గోళ్ళు గీరుకుంటున్న చప్పుడొస్తే వెళ్ళి చూశా, వెనక పాదం మడతపడి ఈడుస్తా నడుస్తోంది. కాలు బెణికిందేమోలే అని రెండ్రోజులు ఆగాం, ఆగకూడదు.

డాష్‌హండ్, బీగిల్, షిట్జు లాంటి వాటికి చిన్న వయసులోనే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ లోపలి మెత్తటి గుజ్జు గట్టిపడి, బయటికి తోసుకొచ్చి వెన్నుపాముని నొక్కుతుంది. వీపు గూనిలా పెట్టడం, సోఫా ఎక్కకపోవడం, ఎత్తుకోబోతే కుయ్యిమనడం, ఇవి మొదటి గుర్తులు.

ముందు ఈ పరీక్ష చేయండి. పొట్ట కింద చెయ్యేసి నిలబెట్టి, వెనక పాదాన్ని మెల్లిగా తిరగేసి పైభాగం నేలకి ఆనించండి. బాగున్న కుక్క వెంటనే సరిచేసుకుంటుంది, అలాగే ఉంచేసిందంటే ఆరోజే డాక్టర్ దగ్గరికెళ్ళాలి. చంకల కింద పట్టి లేపొద్దు, చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్ళండి. కాళ్ళు అసలు కదలట్లేదు, ఉచ్చ పోయట్లేదు అంటే రాత్రైనా సరే బయల్దేరాల్సిందే. డాక్టర్ కుక్క కాలి వేలిని గట్టిగా నొక్కినప్పుడు కాలు లాక్కుంటే చాలదు, తిరిగి చూడాలి లేదా అరవాలి, అప్పుడే నొప్పి దానికి తెలుస్తున్నట్టు. ఆ స్పర్శ ఉండగా ఆపరేషన్ చేస్తే పదిలో తొమ్మిది దాకా మళ్ళీ నడుస్తాయి, అది పోయాక సగమే.

ఎక్స్‌రేలో జారిన డిస్క్ సరిగ్గా కనపడదు, సీటీ గానీ ఎమ్మారై గానీ కావాలి. ఎక్కడుందో మీ డాక్టర్నే అడగండి, గన్నవరం వెటర్నరీ కాలేజీకి కూడా ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మన పారాసిటమాల్, డైక్లోఫెనాక్ మాత్రం వేయొద్దు. ఆల్రెడీ వేసుంటే దాచకుండా చెప్పేయండి, నొప్పి మాత్ర మీద డాక్టర్ స్టెరాయిడ్ కూడా ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది.

నడవగలిగే కుక్కకి అసలు వైద్యం బోనులో రెస్టే, 4 నుంచి 6 వారాలు. నిలబడి తిరిగేంత చోటు చాలు. ఒంటికి, రెంటికి మాత్రం పొట్ట కింద తువ్వాలేసి పట్టుకుని బయటికి తీసుకెళ్ళాలి. నాలుగో రోజుకే మందులకి నొప్పి తగ్గి చిట్టి బోను తలుపు గీకడం మొదలెట్టింది, మా అమ్మ పాపం వదిలేయమ్మా అంది, సరిగ్గా అక్కడే చాలామంది వదిలేస్తారు, అది ఒక్క దూకు దూకిందంటే కాళ్ళు పడిపోవచ్చు. ఎండాకాలమైతే బోను దగ్గర కూలర్ పెట్టండి. కాళ్ళు పడిపోయినదైతే రోజుకి మూడు నాలుగుసార్లు మూత్రం నొక్కి తీయాలి, ఎలాగో డాక్టర్ చేత్తో చూపించమనండి.

తర్వాత మెడ పట్టీ బదులు హార్నెస్, టైల్స్ మీద చాపలు, మెట్లకి అడ్డం, బరువు పెరగకుండా కొలిచి తిండి. చిట్టి ఐదో వారంలో నా వెనకాలే వంటింటి దాకా నడిచొచ్చింది, గోళ్ళ చప్పుడు లేకుండా.