తోకచుక్కని బైనాక్యులర్‌తో పట్టుకోవడం

2020 జూలైలో నియోవైజ్ అనే తోకచుక్క కోసం మూడు సాయంత్రాలు వెతికాను. మొదటి రెండూ వృథా, ఎందుకంటే చీకటి పడ్డ వెంటనే ఫోన్ చూస్తూ నిలబడ్డాను. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి స్క్రీన్ చూశారా, మళ్లీ మొదటికే.

10x50 బైనాక్యులర్ (పది రెట్లు దగ్గరగా చూపించే, 50 మి.మీ. వెడల్పు ముందు కటకాలున్నది) చాలు. మోచేతులు గోడకో, కారు పైకప్పుకో ఆనించండి. తోకచుక్క ప్రకాశం 6 అని (అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువని అర్థం) ఎక్కడైనా రాసి ఉంటే, అదే ప్రకాశం ఉన్న నక్షత్రంలా మెరుస్తుందని ఆశపడకండి. ఆ వెలుగంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి, అద్దం మీద ఊదిన ఆవిరి మరకలా మసగ్గా కనిపిస్తుంది. సూటిగా చూస్తే మాయమవుతుంది, ఓరచూపుతో చూడండి.

తోక సూర్యుడికి వ్యతిరేక దిక్కుకే తిరిగి ఉంటుంది. లోపలి మంచు కరిగి నీరవదు, నేరుగా ఆవిరై ధూళిని వెంట లాక్కెళ్తుంది.

మసక మచ్చ కనపడగానే కేకలు వేయకండి. నేను ఒకసారి ఎం13 అనే నక్షత్రగుచ్ఛాన్ని (మసక మచ్చలా కనిపించే నక్షత్రాల గుంపుని) చూసి తోకచుక్కే అని అందరినీ నిద్రలేపాను. అసలు తోకచుక్కల కోసం వెతికే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త మెస్యే, ఎం13 లాంటి మసక మచ్చల జాబితా రాసుకున్నదే ఇలా మోసపోకుండా ఉండటానికి! చుట్టూ ఉన్న చుక్కలతో కలిపి బొమ్మ గీసుకుని, మర్నాడు మళ్లీ చూడండి. ఆ మచ్చ చోటు మారితే తోకచుక్క.