పాత టెస్లా మోడల్ 3 డిక్కీకి పవర్ ఓపెనర్ అమర్చుకునే విధానం

2020 చివరలో మార్పులతో వచ్చిన టెస్లా మోడల్ 3లో డిక్కీ మోటారుతో తెరుచుకుని మూసుకుంటుంది. అంతకు ముందు తయారైన కార్లలో తాళం మాత్రమే విద్యుత్తుతో విడుతుంది, మూత మాత్రం చేత్తోనే వేయాలి. వీటి కోసం బయట దొరికే కిట్లలో రెండు మోటారు స్ట్రట్లు (మూతను ఎత్తి నిలబెట్టే కడ్డీలు), కంట్రోల్ బాక్సు, వైర్ల కట్ట, మూత అంచున బిగించే బటన్, కొన్నిటిలో మూతను లోపలికి లాగి పట్టే తాళం ఉంటాయి. స్ట్రట్లు మార్చడం పెద్ద పనేమీ కాదు. శ్రద్ధంతా కరెంటు ఆపడంలోనూ, వైర్లు నడిపే దారిలోనూ ఉండాలి.

ముందుగా అద్దాలన్నీ పూర్తిగా దించి, బానెట్‌ను, డిక్కీని తెరిచే ఉంచండి. తలుపు తీసినప్పుడల్లా కొద్దిగా దిగే అద్దం కరెంటు లేకపోతే దిగదు, అప్పుడు తలుపు వేస్తే అద్దం దెబ్బతింటుంది. బానెట్ తాళమూ విద్యుత్తుతో నడిచేదే గనుక, బ్యాటరీ విప్పాక అది మూసుకుపోతే, ముందు బంపర్‌లో టోయింగ్ కొక్కెం మూత వెనుక ఉన్న రెండు వైర్లకు బయటి నుంచి 12 వోల్టులు అందించి తెరవవలసి వస్తుంది. తెర మీద సేఫ్టీ విభాగంలో పవర్ ఆఫ్ నొక్కి, కొన్ని నిమిషాలు ఆగి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను 10 ఎంఎం స్పానరుతో విప్పండి. ఇదొక్కటే చాలదు. కారును నడిపే పెద్ద బ్యాటరీ నుంచి, దాని వోల్టేజిని తగ్గించే డీసీ-డీసీ కన్వర్టర్ ద్వారా కూడా ఆ 12 వోల్టుల లైనుకు కరెంటు వస్తుంది కాబట్టి, ప్రమాద సమయంలో సహాయక సిబ్బంది కోసం బానెట్ కింద ఏర్పాటు చేసిన లూప్ కనెక్టరును కూడా ఊడదీయాలి. అధిక వోల్టేజి ఉండే నారింజ రంగు కేబుళ్లను ఎక్కడా ముట్టుకోకండి.

మూతను ఒకరు పట్టుకుని ఉండగా స్ట్రట్లను ఒక్కొక్కటిగా మార్చండి. లోపలి లైనింగ్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతోనే ఊడదీస్తే క్లిప్పులు విరగవు.

కంట్రోల్ బాక్సును పక్క లైనింగ్ వెనుక బిగించి, వైర్లను కంపెనీ వైర్లు వెళ్లే దారిలోనే మూతలోకి తీసుకెళ్లండి. తరువాత మూతను పదిసార్లు నెమ్మదిగా ఎత్తి దించుతూ, కీళ్ల దగ్గర వైరు నలగకుండా, బిగుసుకోకుండా ఉందో లేదో దీపం వేసి చూడండి. కారులోని కంపెనీ వైర్లను కోయవలసిన కిట్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. కనెక్టర్ల మధ్య అమరేదే కొనండి.

తాళం మార్చినట్లయితే మరొక పరీక్ష తప్పనిసరి. 2001 సెప్టెంబరు నుంచి అమెరికాలో కొత్త కార్ల డిక్కీకి లోపలి నుంచి తెరిచే ఏర్పాటు ఉండాలన్న నిబంధన అమలులో ఉంది. ఈ కారులో ఆ ఏర్పాటు చీకట్లో మెరిసే కేబుల్; డిక్కీలో చిక్కుకున్న పిల్లల ప్రాణాలను కాపాడేది అదే. మూత తెరిచి ఉండగానే తాళాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసి, కేబుల్ లాగితే అది విడిపోవాలి. విడకపోతే ఆ తాళాన్ని తీసి పాతదే పెట్టండి.

కరెంటు కలిపాక మూత దారిలో అట్టపెట్టె పెట్టి, తగలగానే మూత ఆగి వెనక్కు మళ్లుతోందో లేదో చూసి, చివరగా గ్యారేజీ కప్పుకు తగలని ఎత్తును కిట్ పుస్తకంలో చెప్పినట్లు బటన్‌తో నమోదు చేయండి.